వాకిటి కాపరికి పండుగ రొట్టె

ఆశ్వయుజ బహుళ చతుర్దశినాడు తెలుగువారు తెల్లవారకమునుపే తలయంటుకొని, దీపములు పెట్టి, నరకాసురుని కథను తలచుకొనుచుండగా, అదే తిథియందు నేపాల దేశమున గృహిణులు బంతిపూల దండయు, అక్షతల పళ్లెమును, వేకువనే వండిన రొట్టెలును చేతబట్టుకొని వాకిట పడుకొనియున్న కుక్కకడకు పోవుదురు. ఆ దినమునకు వారు పెట్టిన పేరు కుకుర్ తిహార్. ఖాట్మండూ లోయలోని నేవారులు దీనినే ఖిచా పూజ యందురు. కుక్కకొఱకు పండుగనాడు ఇంట పిండివంట చేయుట నేటి పట్టణవాసుల క్రొత్త వేడుక యని తలచువారు పెక్కురు గలరు గాని, హిమాలయపు టంచున అది దేవతార్చనముతో సమానమైన విధిగా నెన్నాళ్లనుండియో సాగుచున్నది.

తిహార్ అయిదు దినముల పండుగ. దానికి యమపంచక మని మఱియొక పేరు. మొదటినాడు యముని దూతగా నెంచబడు కాకికిని, రెండవనాడు యముని ద్వారపాలకుడైన కుక్కకును, అమావాస్యనాడు ఆవునకును లక్ష్మికిని, మఱునాడు ఎద్దునకును పూజలు జరుగును. కడపటినాడు అక్కచెల్లెండ్రు సోదరుల నుదుట తిలకము దిద్ది, యముని చూపు వారిమీద పడకుండవలెనని వేడుకొందురు. ఈ వరుస మనకు బొత్తిగా తెలియనిది కాదు. నరక చతుర్దశినాటి యమతర్పణమును, యమద్వితీయనాటి భగినీహస్త భోజనమును మనవారును పాటించుచునే యున్నారు. మన యిండ్లలో యముని పేరు నిలిచినది గాని, యముని కుక్కల పేరు జారిపోయినది. నేపాలీలు ఆ రెంటిని విడదీయక కాపాడుకొనిరి.

ఋగ్వేదమున పదవ మండలమునందే యముని రెండు కుక్కలు కనబడుచున్నవి. అవి నాలుగేసి కన్నులు గలవి, చుక్కల మేనివి, దేవతల ఆడుకుక్క యైన సరమ కడుపున పుట్టినవి. ఆ సరమ వంశపు వ్యథతోనే మన భారతకథయు మొదలగుట గమనింపదగినది: జనమేజయుని యాగశాలలోనికి పోయి ఆడుకొనుచున్న కుక్కపిల్లను రాజసోదరులు కొట్టగా, హవిస్సును ముట్టని నా బిడ్డ నేల కొట్టితిరని దేవశుని సరమ వచ్చి యడిగి, బదులు రాకపోగా, ఎదురుచూడని భయము మీకు కలుగునని పలికిపోయినది. రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుడు ఆదిపర్వమునందు ఈ కథను తెలుగువారికి చెప్పెను. ఇక తిక్కనసోమయాజి తెనిగించిన మహాప్రస్థానిక పర్వమున, వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కనని ధర్మరాజు నిలిచిన ఘట్టము నెఱుగని వారుండరు. మొదట దెబ్బతిన్న కుక్క, తుదకు ధర్మదేవతయే యైన కుక్క. ఈ రెంటి నడుమ పదునేడు పర్వముల కథ నడచినది. గృహస్థుడు వండిన అన్నములో కుక్కకును కాకికిని కొంత నేలపై నుంచవలెనని మనుస్మృతియు విధించినది. అట్లు పెట్టునది భిక్షము కాదు, భాగము. కుకుర్ తిహార్ నాటి రొట్టె ఆ భాగమునకే పండుగ రూపమని నాకు గట్టిగా తోచుచున్నది.

ఆ రొట్టె పేరు సేల్ రోటీ. మన అరిసెకు దూరపు చుట్ట మనదగినది. అందును ఇందును నానిన బియ్యమే మూలము. ముందురాత్రి బియ్యము నానబోసి, నీరు వార్చి, పల్లెలలో నైనచో కాలితో త్రొక్కి దంచు పెద్ద కొయ్యరోకటికి పట్టి, కొంచెము రవగా నుండునట్లు పిండి చేయుదురు. అందులో నేయి, చక్కెర, ఏలకుల పొడి వేసి, తొక్క నల్లబడునంతగా మాగిన అరటిపండ్లను చేతితో చిదిమి కలుపుదురు. అరటిపండు పిండికి తీపినేగాక బిగువును గూడ నిచ్చును. అది లేక చేయువారును గలరు గాని, ఉన్న రొట్టె మెత్తదనము వేఱు. నీరో పాలో పోసి కలిపిన ఆ పిండిని కొంతసేపు నాననిచ్చి, కాగిన నూనెమీద పిడికిలినుండి సన్నని ధారగా, చేయి గుండ్రముగ త్రిప్పుచు విడుతురు. ధార మొదలును తుదియు కలిసినపుడే కంకణ మేర్పడును; కలియనిచో తోకవలె నొకవైపు వ్రేలాడును. ఎఱ్ఱబడిన కంకణమును రెండు పుల్లలతో ఎత్తి నూనె వార్చి, వెదురుబుట్టలో పేర్తురు. పిల్లలకును, చుట్టములకును, అన్నదమ్ములకును పెట్టబోవు బుట్ట యదియే. కుక్క రొట్టెయు అందులోనిదే. దానికొఱకు వేఱుగా తక్కువరకపు పిండి కలుపు ఆచారము లేదు. నాకు ఈ పండుగయందు మిక్కిలి ప్రియమైన విషయ మిది.

మాంసభక్షకమైన జంతువునకు బియ్యపుపిండియు పండును ఎట్లు సరిపడునని యడుగువారికి శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పియున్నారు. 2013 లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిన దానినిబట్టి, పిండిపదార్థమును జీర్ణింపజేయు జన్యువు తోడేలునందు రెండు ప్రతులే యుండగా, కుక్కయందు నాలుగు మొదలు ముప్పదివఱకు నున్నది. మనుష్యుని పొలమును, వంటయింటిని ఆశ్రయించిన నాటినుండి కుక్క కడుపును మనుష్యుని గాదెకు తగినట్లు మాఱినదన్నమాట. తీపిని గుర్తింపజాలని పిల్లివలెగాక, కుక్క నాలుక పండు మాధుర్యము నెఱుగును. అయినను పండ్లన్నియు దానికి పథ్యములు కావు. ద్రాక్షయు, కిస్‌మిస్సును దాని మూత్రపిండములను చెఱచును; అరటి, గింజ తీసిన ఆపిలు కొద్దిగా పెట్టవచ్చును. నూనెలో వేగిన తీపిరొట్టెయు ఏటి కొకనాడు ఒక తునక చాలును.

అంగడి బిస్కత్తు చరిత్ర ఈ పండుగ రొట్టె యెదుట నిన్నటిది. 1860 ప్రాంతమున జేమ్స్ స్ప్రాట్ అను అమెరికావాడు లండను రేవులో ఓడవారి గట్టి బిస్కత్తులకై కుక్కలు ఎగబడుట చూచి, గోధుమపిండి, మాంసము, బీటుదుంప మొదలగువానితో కుక్కల కొక బిస్కత్తు చేయించి అమ్మెనందురు. ఆ వ్యాపారమున పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ పేరనే 1891 లో లండనులో గొప్ప శునక ప్రదర్శనము మొదలైనది. 1908 లో న్యూయార్కున ఎముక ఆకారపు పాలబిస్కత్తు పుట్టినది. ఇవి ఉపయోగకరములే. కాని కొనుగోలు చేసిన పొట్లములో ఇంటిబుట్టలోని భాగము లేదు.

కుకుర్ తిహార్ నాడు పెంపుడు కుక్కకును వీధికుక్కకును భేదము పాటింపరు. శతపత్రి యను మాటతో నొకే యర్థముగల సయపత్రి పూలదండ రెంటికిని పడును. పెరుగు, అక్షతలు, ఎఱ్ఱరంగు కలిపిన తిలకము రెంటి నుదుటను నిలుచును. ఖాట్మండూ పోలీసు జాగిలములకును ఆనాడు ఏటేట సత్కారము జరుగుచుండును.

కొన్నియేండ్ల క్రితము హైదరాబాదులో మేము కాపురమున్న సందులో రాత్రి కాపలా తిరుగు నేపాలీ యొకడుండెను. అతని కఱ్ఱచప్పుడు వెంబడి రెండు వీధికుక్కలు ప్రతిరాత్రియు నడచుచుండెడివి. నరక చతుర్దశి ఉదయమున అతడు వానికి బంతిదండలు వేసి, బొట్టు పెట్టి, భార్య కిరోసిన్ స్టౌమీద వండిన సేల్ రోటీ తుంచి పెట్టుచుండగా, ముగ్గు వేయ వచ్చిన ఎదురింటి ముసలమ్మ ఆగిచూచి, “ఏందయ్యా, కుక్కలకు బొట్టు పెడుతున్నవ్?” అని యడిగినది. అతడు లేవకయే, “రాత్రంతా నాతోనే తిరుగుతయి గద అమ్మా,” అనెను. ముసలికుక్క దండను ఒకసారి విదిలించుకొని రొట్టెను నమలసాగెను. పడుచుకుక్క తన తునకను నోట గఱచుకొని తోపుడుబండి క్రిందికి దూరెను. ఆ యమ్మ లోపలికి పోయి, దేవునియెదుట నుంచిన అరటిపండు తెచ్చి, తొక్క తీసి, ముక్కలు చేసి రొట్టెప్రక్కన పెట్టినది.