ఫోర్క్ నుంచి ఆయిల్ కారుతోందా? పీవీసీ పైపు, మాప్ కర్రతోనే సీల్ మార్చొచ్చు.. వీటి జోలికి మాత్రం వెళ్లొద్దు!

బైక్ ముందు ఫోర్క్ రాడ్డు చుట్టూ జిడ్డుగా ఆయిల్ కనిపిస్తోందా? తేలిగ్గా తీసుకోవద్దు. లోపల ఆయిల్ తగ్గితే గుంతల్లో బండి ఎగిరెగిరి పడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం.. ఆ ఆయిల్ కిందికి జారి డిస్క్, ప్యాడ్‌లపై పడితే ముందు బ్రేక్ సరిగా పట్టదు. చాలాసార్లు కారణం ఓ చిన్న రబ్బరు సీల్. పని తెలిసినవాళ్లు స్పెషల్ టూల్స్ లేకుండా, ఇంట్లో దొరికే సామాన్లతోనే దీన్ని మార్చేస్తారు. ఇవి సాధారణ టెలిస్కోపిక్ ఫోర్క్‌లకు పనికొచ్చే చిట్కాలు.

ముందు ఫిల్మ్ ముక్కతో..

ఒక్కోసారి సీల్ చిరగదు, మట్టి ఇరుక్కుని లీకవుతుంది. డస్ట్ సీల్ పైకి లేపి, పాత ఫొటో నెగెటివ్ ముక్కను సీల్‌కి, రాడ్డుకి మధ్య దూర్చి చుట్టూ తిప్పితే మట్టి బయటికొస్తుంది. అయినా కారితే సీల్ మార్చాల్సిందే. రాడ్డుపై తుప్పు గుంటలు, గీతలు ఉంటే మాత్రం కొత్త సీల్ కూడా ఎక్కువ రోజులు ఆగదు.

మాప్ కర్ర ఎందుకంటే..

ఫోర్క్ అడుగున ఉండే అలెన్ బోల్ట్ విప్పబోతే, లోపలి డంపర్ రాడ్ కూడా దాంతోపాటే తిరుగుతుంది. స్ప్రింగ్ తీశాక, చివర కోసుగా చెక్కిన కర్రను పైనుంచి దించి గట్టిగా నొక్కి పట్టాలి. కర్ర ఆగకపోతే, పొడవాటి థ్రెడెడ్ రాడ్ చివర రెండు నట్లు ఒకదానికొకటి బిగించి వాడతారు. ఆ నట్టు డంపర్ రాడ్ తలలోని గాడికి సరిపోవాలి.

సీల్ దించడానికి పీవీసీ పైపు

పైపు లోపలి సైజు ఫోర్క్ రాడ్డు కంటే కాస్త పెద్దగా, బయటి సైజు సీల్ కంటే కాస్త చిన్నగా ఉండాలి. పేరు చూసి కొనొద్దు, కొలిచి కొనాలి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350లో రాడ్డు 41 మి.మీ. అయితే, పాత క్లాసిక్‌లో 35 మి.మీ. మాత్రమే! పైపు అంచును ఎమరీ పేపర్‌తో నున్నగా చేయాలి. రాడ్డు కొసకు పాలిథిన్ కవర్ చుట్టి, ఆయిల్ రాసి సీల్ ఎక్కిస్తే దాని పెదవి తెగదు. కొత్త సీల్ మీద పాత సీల్ పెట్టి, నిదానంగా సమంగా కొట్టాలి.

సిరంజితో ఆయిల్ లెవల్

సిరంజికి సన్న ట్యూబ్ తగిలించి, మాన్యువల్‌లో చెప్పిన లోతుకు దించి ఎక్కువైన ఆయిల్ లాగేస్తే రెండు ఫోర్కుల్లో లెవల్ సమానంగా ఉంటుంది.

ఇక్కడ ప్రయోగాలొద్దు

• ఫోర్క్ పై మూత కింద స్ప్రింగ్ ఒత్తిడి ఉంటుంది. చివరి మరల్లో ఎగిరి ముఖానికి తగలొచ్చు. పైనుంచి నొక్కి పట్టి విప్పాలి.
• ముందు చక్రం తీసేముందు ఇంజిన్ కింద గట్టి ఆసరా ఉండాలి.
• వెనక గ్యాస్ షాకబ్జర్ విప్పడం, రంధ్రం చేయడం ప్రాణాలకే ముప్పు. లోపల నైట్రోజన్ ఎక్కువ ప్రెషర్‌తో ఉంటుంది.
• ఆయిల్ పీల్చుకున్న బ్రేక్ ప్యాడ్‌లు కడిగి వాడొద్దు, మార్చాలి.
• యాక్సిల్, క్లాంప్ బోల్టులు అంచనాతో బిగించొద్దు. టార్క్ రెంచ్ లేకపోతే ఆ ఒక్క పని మెకానిక్ దగ్గర చేయించడమే మేలు.