ఒకే పేరు, మూడు స్పెల్లింగులు: డేటాబేస్ మొదటి పాఠం

షేక్ మస్తాన్ అనే మనిషి పేరు ఒక కాగితంలో 'షేక్ మస్తాన్' అని, ఇంకోదాంట్లో 'ఎస్‌కే మస్తాన్' అని, మరోచోట 'మస్తాన్ వలీ షేక్' అని ఉండటం ముస్లిం ఇళ్లల్లో కొత్తేమీ కాదు. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు మస్తాన్‌లు కూడా ఉంటారు. ఎవరు ఎవరో వీధిలోవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. కంప్యూటర్‌కి తెలియదు. అక్షరం తేడా వస్తే దానికి వేరే మనిషి, అక్షరాలన్నీ కలిస్తే ఒకే మనిషి. ఈ చిక్కుని విప్పే పద్ధతి తెలిస్తే రిలేషనల్ డేటాబేస్ సగం అర్థమైనట్టే.

సమాచారాన్ని టేబుల్స్‌గా పెట్టి, వాటి మధ్య సంబంధం కలపాలన్న ఆలోచనని ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించారు. 1974లో అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దానికి 'సీక్వెల్' అనే భాష తయారు చేశారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్నీ ఈ భాషే మాట్లాడతాయి. వాటి మధ్య తేడా హైదరాబాద్ దక్కనీకి, లక్నో ఉర్దూకి ఉన్నంత. ఒకటి వస్తే మిగతావి పట్టుబడతాయి.

ఒక బట్టల షాపు అప్పుల లెక్క తీసుకుందాం. ఎక్సెల్‌లో ఒక్కటే షీటు పెట్టి, ప్రతి బిల్లు పక్కన పేరు, ఫోను, అడ్రసు రాస్తూ పోతారు చాలామంది. ఒకే మనిషివి 40 బిల్లులు ఉన్నాయి, అతను ఫోను మార్చాడు. 40 చోట్ల దిద్దాలి. రెండు చోట్ల మర్చిపోతే ఏది అసలు నంబరో షాపు ఓనర్‌కి కూడా తెలియదు.

డేటాబేస్‌లో అయితే ఖాతాదారులకి ఒక టేబుల్, బిల్లులకి ఇంకో టేబుల్. ఖాతాదారు ప్రతి ఒక్కరికీ ఒక నంబరు, అది ఇంకెవరికీ ఉండదు. దాన్ని ప్రైమరీ కీ అంటారు. బిల్లుల టేబుల్‌లో పేరు ఉండదు, ఆ నంబరు మాత్రమే ఉంటుంది. అక్కడ దాని పేరు ఫారిన్ కీ. లేని ఖాతాదారు నంబరుతో బిల్లు ఎక్కించబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఫోను మారితే ఒక్కచోట దిద్దితే చాలు. బీకాంలో జర్నల్ రాస్తూ ఎల్ఎఫ్ కాలమ్ నింపినవాళ్లకి ఇది పాత చుట్టమే, లెడ్జర్ పేజీ నంబరు చేసే పని ఇదే. ఫోన్ నంబర్నే కీగా పెట్టేస్తే పోలేదా అంటే, ఇంట్లో నలుగురికీ కలిపి ఒకే ఫోను ఉన్నప్పుడు మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక అడగడం. 'సెలెక్ట్' ఏ కాలమ్‌లు కావాలో చెబుతుంది, 'ఫ్రమ్' ఏ టేబుల్లోంచో, 'వేర్' ఏ షరతు మీదో. 'సెలెక్ట్ * ఫ్రమ్ బిల్లులు వేర్ బాకీ > 0' అంటే ఇంకా బాకీ ఉన్న బిల్లులన్నీ వస్తాయి. వాటి పక్కన పేరు, ఫోను కూడా కావాలంటే 'జాయిన్' రెండు టేబుల్స్‌నీ ఆ నంబరు దగ్గర కలుపుతుంది. అయితే బాకీ గడి ఖాళీగా ఉన్న బిల్లు ఇందులో రాదు. ఖాళీ గడి, అంటే 'నల్', సున్నా కాదు. బాకీ లేదు అనడం వేరు, ఎంతో ఇంకా రాయలేదు అనడం వేరు.

నేర్చుకోవడానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. 2000లో వచ్చిన ఎస్‌క్యూలైట్ ఉచితం, డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్లో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇప్పటికే ఉంది, వాట్సాప్ మెసేజ్‌లు దాచేది దీంట్లోనే. డీబీ బ్రౌజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకుంటే టేబుల్స్ కళ్లెదుట కనిపిస్తాయి. కాలేజీ నోట్సులో నార్మల్ ఫారమ్స్ ముందు బట్టీ పట్టిస్తారు. అది తలకిందులు వరస. ఇంటి కరెంటు బిల్లులతోనైనా రెండు టేబుల్స్ కట్టి, జాయిన్ చేసి చూశాక ఆ పాఠం దానంతటదే ఎక్కుతుంది.

జాగ్రత్త పడాల్సింది 'డిలీట్' దగ్గర. 'వేర్' రాయడం మర్చిపోతే ఒక్క వరస కాదు, టేబుల్లో ఉన్నవన్నీ పోతాయి, 'నిజంగానా?' అని అడగకుండానే. అందుకే ముందు 'బిగిన్' అని మొదలుపెట్టి, తర్వాత డిలీట్ నడిపి, ఎన్ని వరసలు పోయాయో చూడాలి. లెక్క సరిగా ఉంటే 'కమిట్', తేడా ఉంటే 'రోల్‌బ్యాక్'. కమిట్ కొట్టాక రోల్‌బ్యాక్ పనిచేయదు, అంతకుముందు తీసిపెట్టుకున్న కాపీ ఒక్కటే దిక్కు.