కృష్ణకు ఇవతలి నాజరు అభిమానులు

మొన్నటి సంక్రాంతికి మా అమ్మాయి కొడుకు పెద్దవూరకు వచ్చినపుడు వాని చొక్కామీద ఒక చిత్రం కనబడింది. నలుగురు యువకులు ఒకరి వెనుక ఒకరుగా వీధిని అడ్డంగా దాటుతున్నారు. ఎవరురా వీరని అడిగితే, "బీటిల్స్ తాతా" అన్నాడు. 1960లో ఇంగ్లండులోని లివర్‌పూల్ అనే రేవుపట్నంలో కూడిన పాటగాండ్ర జట్టు అట. 1970లోనే విడిపోయారట. ఆ చిత్రం 1969నాటి వారి పాటల పళ్ళెం అట్టమీదిదట. "నీవు పుట్టడానికి ముప్పదియైదేండ్ల ముందే విడిపోయినవారిమీద నీకింత మోజేమిటిరా?" అని నవ్వాను. వాడు తడుముకోకుండా, "నీకు నాజర్ లేడా తాతా?" అన్నాడు.

నేను మారు పలుకలేకపోయాను. నాజరుమీద అభిమానం నాకు మా నాయన ఇచ్చిన ఆస్తి. మా నాయనకు ఎక్కడినుండి వచ్చిందన్నది కొంచెం చిక్కైన చరిత్ర. ఆ చిక్కును విప్పబోయి నేనొకసారి మా నాయన మనసు నొప్పించాను. ఆ సంగతే ఇప్పుడు వ్రాస్తున్నాను.

నాజరును ఎరుగని నేటి యువపాఠకుల కోసం నాలుగు మాటలు. షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించాడు. పింజారి కుటుంబం, కడు పేదరికం. దూదేకుకొని బ్రతికే ఇంట పుట్టిన పిల్లవానికి సంగీతమెక్కడ దొరుకుతుంది? ఆయన వెదకికొని సంపాదించాడు. గురువుల ఇండ్లలో చాకిరి చేసి నేర్చుకొన్నాడు, నాటకాలలో ఆడవేషాలు కట్టాడు. ఆ కష్టాలన్నీ ఆయన నోటనే విని గ్రంథస్థం చేసిన ఆత్మకథ ఒకటి ఉన్నది, దాని పేరే "పింజారి". తన్ను కించపరచడానికి లోకం వాడిన మాటనే గ్రంథానికి నామకరణం చేయడంలో ఉన్న ధైర్యం గమనింపదగినది. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997లో కన్నుమూశాడు.

1942లో కమ్యూనిస్టు పార్టీమీది నిషేధం తొలగినాక, జనంలోకి పోవడానికి ఆ పార్టీవారు జానపద కళారూపాలను చేపట్టారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. గరికపాటి రాజారావు దానికి సారథి. అదే ఏడు బెంగాలులో భయంకరమైన కరవు వచ్చి లక్షలాది జనం మలమల మాడి చచ్చారు. నాజరు ఆ కరవును బుర్రకథగా చెప్పాడు. ఏనాడూ చూడని బెంగాలు కోసం గుంటూరు పల్లెల ఆడవారు కొంగుతో కన్నీరు తుడుచుకొన్నారంటే ఆ గొంతు మహిమ ఊహించుకోండి. మొదట హాస్యపు వంతగా నిలబడినవాడు పిమ్మట కథకుడైనాడు. కథకుడైన పిమ్మట ఆయన పేరే బుర్రకథకు మారుపేరైపోయింది.

దళమంటే ముగ్గురే. నడుమ కథకుడు. తలపాగా, అంగరఖా, నడికట్టు, కాళ్ళకు గజ్జెలు, భుజాన తంబుర, వ్రేళ్ళకు అందెలు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు, వారి చేతుల్లో మట్టితో చేసి తోలు బిగించిన గుమ్మెటలు. ఒక వంత రాజకీయం చెప్తాడు, మరొక వంత హాస్యం పలుకుతాడు. పలనాటి వీరుల కథలో పడి జనం మైమరచి ఉండగా రాజకీయపు వంత హఠాత్తుగా ఇప్పటి బియ్యం ధర ప్రస్తావిస్తాడు. కన్నీరు ఆరకముందే హాస్యగాడు నవ్విస్తాడు. మరల కథకుడు గిరుక్కున తిరిగి అడుగువేస్తే కారంపూడి రణరంగం. అలంకారశాస్త్రం చదువుకొన్న నాబోటివాడికి ఇది రసభంగమని తోచాలి. తోచదు! ఎందుకు తోచదో నేను ముప్పదేండ్లు పాఠం చెప్పి కూడ సరిగా వివరించలేకపోయాను.

ఇక మా కథ. మా పెద్దవూర నాగార్జునసాగరానికి పోయే దారిలో ఉన్నది. ఇవాళ వంతెనమీద అరగడియలో కృష్ణ దాటుతున్నాము గాని, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయడానికి ముందు అక్కడ కొండలూ లోయలూ నదీ తప్ప ఏమీ లేవు. ఆ నది రెండు రాజ్యాలకు పొలిమేర. ఇవతల నిజాము ఏలుబడి, అవతల మద్రాసు రాజధాని. అవతలి ఒడ్డు పలనాడు. అనగా బ్రహ్మనాయుడూ, నాగమ్మా, బాలచంద్రుడూ మాకు పుస్తకంలోని వారు కారు, ఏటికి అవతలివారు. మాచర్ల, కారంపూడి మా పెద్దలకు బంధువులున్న ఊళ్ళు. నల్లగొండ నడుబొడ్డున మునగాల పరగణా మాత్రం కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిషు భూభాగంగా ద్వీపంవలె ఉండేది. ఎల్లలు గీసినవారికి ఎంత తీరిక ఉండెనో కదా!

1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగినది మొదలు మా జిల్లా కుదురుగా లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాట మీదా కథ మీదా కూడ కన్నుపడింది. బుర్రకథను మద్రాసు ప్రభుత్వమూ నిషేధించింది, నిజాము ప్రభుత్వమూ నిషేధించింది. మూడు గొంతులకూ రెండు మట్టికుండలకూ రెండు ప్రభుత్వాలు జడిశాయన్నమాట. మా ప్రాంతంలో తిరునగరి రామాంజనేయులు వ్రాసిన "తెలంగాణ వీరయోధులు" బుర్రకథ, సుద్దాల హనుమంతు కట్టిన గొల్లసుద్దులు, పాటలు చాటుమాటుగానే ఊరూరా తిరిగాయి.

మా నాయనకు అప్పటికి పదునైదేండ్లు. ఆయన చెప్పే వృత్తాంతమిది. పంట నూర్పిళ్ళు అయిన పిమ్మట ఒకనాటి సాయంకాలం, తోటివారు ఇద్దరితో కలిసి పుట్టిలో కృష్ణ దాటి, మాచర్లవైపు రెండామడలు నడిచి పలనాటి యుద్ధం కథ విన్నారట. పెట్రోమాక్సు దీపం వెలుగు. ఎక్కడ చూసినా తలలే. నడిరేయి ఎవరో వచ్చి పోలీసులంటే దీపం ఆర్పివేశారట. జనం లేచిపోలేదు. చీకటిలోనే కథ సాగింది. బాలచంద్రుడు యుద్ధానికి పోతూ మాంచాల వద్ద సెలవు తీసికొనే ఘట్టం చీకటిలో విన్నారట. మొగము కనబడదు, గొంతు ఒక్కటే. ఏడ్చేవారు ఎవరో కూడ ఎవరికీ కనబడలేదు కనుక అందరూ సిగ్గు విడిచి ఏడ్చారట. "గట్ల ఏడ్సుడు నా బతుకుల మల్ల లేదు" అనేవాడు. ఆ కథకుడు నాజరే అని ఆయన నిశ్చయం.

ఆ ఒక్క రాత్రి మీద ఆయన జీవితాంతం బ్రతికాడు అంటే అతిశయోక్తి కాదు. మా చిన్నతనంలో ఇంట రేడియో కొన్నది దానికోసమే. నాజరు కథ వస్తున్నదని తెలిస్తే మోట కట్టేవారు కాదు. విజయవాడ కేంద్రం గాలికి వచ్చీ పోయీ అయ్యేది, మా నాయన రేడియోను ఎత్తుకొని పెరడంతా తిరిగేవాడు. దొడ్లో వేపచెట్టు మొదట బాగా పలికేది. అరుగుమీద చేరినవారిలో ఒకప్పుడు సంగంలో తిరిగినవారూ ఉండేవారు, ఆ సంగానికి జడిసి ఊరు విడిచిపోయిన ఇంటివారూ ఉండేవారు. బాలచంద్రుడు చచ్చేవేళ ఇరువురూ ఒక్కతీరున ముక్కు చీదేవారు. పార్టీవారు తమ ప్రచారానికి ఈ కథను పెంచి పోషించారన్నది నిజం. వినేవారు ప్రచారాన్ని వదిలి కథను దాచుకొన్నారన్నది కూడ అంతే నిజమని నా అభిప్రాయం. 1980లలో నేను ఒక కేసెట్టు రికార్డరు కొని, రేడియోలో వస్తుండగా ఒక గంట కథ పట్టాను. నడుమ మా గేదె అరుపు కూడ పడింది.

1990లలో ఒక కార్తికమాసంలో నేను తోటి ఉపాధ్యాయులతో కారంపూడి వీరుల ఉత్సవానికి పోయాను. అక్కడ ఒక ముదుసలి కలిశాడు, పూర్వం మండలి సభలకు బండ్లు కట్టినవాడు. పండితుణ్ణి గదా, నా పరిశోధన బుద్ధి ఊరుకోదు. మా నాయన చెప్పిన ఊరు, ఋతువు, దీపం ఆర్పిన సంగతి అన్నీ చెప్పి అడిగాను. ఆయన నవ్వి, "ఆ రాత్రి నేనున్నానయ్యా. చెప్పింది నాజరు కాదు. నాజరును చూసి నేర్చుకున్న కుర్రాడు. అచ్చు ఆయనలాగే చెప్పేవాడు" అన్నాడు.

ఇది వింత కాదు. నాజరును చూసి తంబుర పట్టినవారు ఆనాడు ఊరికొకరు. మా జిల్లాలో ఏ ఊరికి పోయినా నాజరు తమ ఊరు వచ్చాడని చెప్పే వృద్ధులున్నారు. వారు చెప్పినన్ని ఊళ్ళలో కథ చెప్పాలంటే ఆయనకు మూడు జన్మలు చాలవు. అంతటివానిగా ఎరగడమంటే అదే కాబోలు.

నేను ఊరకుండవలసింది. ఊరకుండలేదు. ఇంటికి వచ్చి మా నాయనకు సాక్ష్యాధారాలతో సహా చెప్పాను. ఆయన చాలాసేపు పలుకలేదు. తరువాత, "నాజరు గాదా? నేను ఇన్లేదారా? ఆ గొంతు ఇంకొకనికుంటదా?" అన్నాడు. అటుపిమ్మట నాతో నాజరు ప్రస్తావన తేలేదు. 1997లో నాజరు పోయిన వార్త పత్రికలో నేనే చదివి వినిపించాను. ఆ సాయంకాలం కేసెట్టు పెట్టుమని అడిగాడు, అంతే.

నేను చేసిన పొరపాటు ఇంకొకటి ఉన్నది. దానిముందు ఇది చిన్నది.

బుర్రకథ ప్రజానాట్యమండలి కనిపెట్టినది కాదు. అంతకు వందల ఏండ్ల ముందునుండి అది జంగం కథ, తంబుర కథ, శారద కథ. బుడిగ అనే వాద్యం పట్టినవారే బుడిగజంగాలు. మా ఊరికి కూడ కోతలైనాక శారదకాండ్రు వచ్చేవారు. బాలనాగమ్మ, సర్వాయి పాపడు, ఇంకా ఎన్నో. మగడు కథ చెప్తే ఆడవారు గుమ్మెట వాయించి వంత పలికేవారు. కల్లంలో సోలెడు వడ్లు, ఒక పాత పంచె ఇచ్చి పంపేవారము. అదే తంబుర, అవే అందెలు రేడియోలో మ్రోగితే కళ అన్నాము, వాకిట్లో మ్రోగితే యాచన అన్నాము. నాజరుకు ఆ భేదం లేదు. పింజారి ఇంటివాడు కనుక ఆ గొంతులు ఎక్కడివో ఆయనకు తెలుసు. తెలియనిది మాకే, ఆయన అభిమానులకు.

నా తరగతిలో శారదకాండ్ర పిల్లవాడొకడు ఉండేవాడు. జానపద వాఙ్మయం పాఠం వచ్చిన రోజున నేను గంటసేపు బుర్రకథ లక్షణాలు చెప్పి, నాజరును పొగిడి, చివరకు "మీ ఇంట్లో తంబుర ఉన్నదట గదా, ఒక ముక్క చెప్పు" అన్నాను. పిల్లలందరూ వాడివంక తిరిగారు. వాడు తల వంచుకొని నిలుచున్నాడు. నేను మెచ్చుకొంటున్నాననే అనుకొన్నాను. వాడికి మాత్రం ఊరంతా మా తల్లి భిక్షాపాత్ర తీసి చూపినట్లైంది. తరువాత వారం దినాలు బడికి రాలేదు. వాడు ఏమనుకొన్నాడో చాలా ఏండ్లకు, పెద్దవాడై ఉద్యోగంలో చేరిన పిమ్మట, బస్సులో కలిసి తానే నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

మండలి 1948 తరువాతి నిర్బంధంలో చెదిరిపోయింది. రాజారావు 1953లో "పుట్టిల్లు" చలనచిత్రం తీసి అందులో జమునను పరిచయం చేశాడు. అల్లు రామలింగయ్య, మిక్కిలినేని వంటివారు వెండితెరకు పోయారు. నాజరు తంబురనే నమ్ముకొన్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక కుటుంబ నియంత్రణకూ, చిన్న మొత్తాల పొదుపుకూ బుర్రకథలు చెప్పించింది ప్రభుత్వమే. నిషేధించినవారే సంభావన ఇచ్చి పిలిచారు. మా వైపు గద్దరు కూడ తొలుత బుర్రకథతోనే మొదలుపెట్టినవాడు. 1980లో విడుదలైన "మా భూమి"లో ఆయన పాడుతుంటే మా నాయన టూరింగు టాకీసులో లేచి నిలుచున్నాడు.

మనుమడికి ఇదంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "మా కాలేజీలో ఒక జట్టు ఉంది తాతా. బీటిల్స్ పాటలే పాడతారు. వాళ్ళు బీటిల్స్ కాదని అందరికీ తెలుసు. అయినా లైట్లు తీసేస్తే అందరం ఏడుస్తాం" అన్నాడు. మా నాయన ఉంటే వీడిని ప్రక్కన కూర్చోబెట్టుకొని ఉండేవాడు. ఆయన పోయి పదునెనిమిదేండ్లైంది.

కేసెట్టులోని గంట కథను వాడు తన ఫోనులోకి ఎక్కించాడు, గేదె అరుపుతో సహా. కనుమనాడు మేమిద్దరం ఆ పూర్వవిద్యార్థి ఇంటికి పోయాము. ముందుగా ఫోను చేసి, ఇష్టమైతేనే వస్తామన్నాను. రమ్మన్నాడు. వాళ్ళ అవ్వ వాయించిన గుమ్మెట పగిలిపోయిందట. తంబుర మాత్రం గోడకు వ్రేలాడుతున్నది, తీగలు లేవు. నేనేమీ అడుగలేదు. టీ తాగడం అయినాక తానే లేచి, అలమారలో గుడ్డమూట విప్పి, అందెలు తీసి బొటనవ్రేలికి తొడుగుకొన్నాడు. కొంచెం బిగుతైంది. కొబ్బరినూనె తెమ్మని భార్యను కేకవేశాడు.