ముద్రవేసిన ఓటుపెట్టెలు: పశ్చిమగోదావరి ఎన్నికల వ్యాజ్యములు

ఎన్నికల శాసనములను, ఎన్నికలు నడపు విధులను న్యాయస్థానములందు ప్రశ్నించుట నూతనము కాదు. కాని ప్రశ్నించుటకు తగిన కాలమేది? ప్రశ్న న్యాయమని తోచినచో న్యాయస్థానము చేయదగినదేమి? ఈ రెండింటికిని మనదేశము డెబ్బదియేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నది. ఈ విషయమున జంగారెడ్డిగూడెము, ఏలూరు పట్టణముల అనుభవము మిగుల బోధకము. దాని నిచ్చట పరామర్శింతము.

గోదావరిజిల్లాలు చెన్నరాష్ట్రమున చేరియున్న కాలముననే ఈ చర్చ ఆరంభమైనది. ఆ రాష్ట్రపు శాసనసభ ఎన్నికలలో నామక్కల్ నియోజకవర్గమున పొన్నుస్వామి అను అభ్యర్థి నామినేషనుపత్రము తిరస్కరింపబడగా, ఆయన హైకోర్టును, పిమ్మట సుప్రీంకోర్టును ఆశ్రయించెను. 1952 జనవరి 21వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు వెలువడెను. ఎన్నిక యనగా ఓట్లు వేయుట మాత్రమే కాదనియు, ప్రకటనము మొదలు ఫలితమువరకు గల సమస్తవ్యాపారమనియు, రాజ్యాంగపు 329వ అధికరణము ననుసరించి దాని నడుమ కోర్టులు ప్రవేశింపరాదనియు, ఎన్నిక ముగిసినపిదప పిటిషనే శరణ్యమనియు అందు నిర్ణయింపబడెను. 73, 74వ రాజ్యాంగసవరణలు ఇట్టి నిషేధమునే పంచాయతులకును, పురపాలకసంఘములకును విధించినవి. 2000లో అశోక్‌కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సూత్రమును కొంత వివరించెను: ఎన్నికను నిలుపుటకు గాక, అది సక్రమముగ ముందుకు సాగుటకు తోడ్పడు ఆజ్ఞల నీయవచ్చునని దాని తాత్పర్యము.

ఈ రెండు తీర్పుల నడుమ మన హైకోర్టు లొక మధ్యమమార్గమును త్రొక్కినవి. ఓట్లు వేయనిచ్చి, లెక్కింపును మాత్రము నిలుపుటయే ఆ మార్గము.

జంగారెడ్డిగూడెము నగరపంచాయతి ఓటర్లు దీనిని 2014లోనే ఎరిగిరి. ఆ యేడు మార్చి 30వ తేదీన రాష్ట్రమందలి పురపాలకసంఘములకు ఎన్నికలు జరిగినవి. ఆ ఫలితములు వెంటనే వెలువడినచో రానున్న శాసనసభ, లోకసభ ఎన్నికలందలి ఓటర్లపై ప్రభావము చూపునని అభ్యంతరము రాగా, హైకోర్టు లెక్కింపును వాయిదావేసెను. మే 12వ తేదీన గాని ఓట్లు లెక్కింపబడలేదు. ఓటునకును లెక్కకును నడుమ 43 దినములు గడచెను.

2014లో ఏర్పడిన పాలకవర్గముల పదవీకాలము 2019లో ముగిసెను. మరల ఆరంభమైన ఎన్నికలు కోవిడ్ మహమ్మారివలన 2020 మార్చి 15న నిలిచినవి. తుదకు 2021 మార్చి 10వ తేదీన జంగారెడ్డిగూడెమును, ఏలూరును ఒకేదినమున ఓట్లు వేసినవి. జంగారెడ్డిగూడెపు ఓట్లు నాలుగుదినములకే, మార్చి 14న, లెక్కింపబడెను. ఏలూరు నగరపాలకసంఘపు ఓటర్ల జాబితా నియమానుసారముగ సిద్ధముకాలేదని దాఖలైన వ్యాజ్యమున హైకోర్టునందలి ఒక న్యాయమూర్తి మార్చి 8న ఎన్నికను నిలిపివేయగా, మరునాడు ధర్మాసనము ఓట్లు వేయుట కనుమతించి లెక్కింపును ఆపినది. జూలై 25న లెక్క జరిగెను. అనగా 137 దినములు!

గ్రామములవారి నిరీక్షణము ఇంతకన్న దీర్ఘము. మండల, జిల్లాపరిషత్తులకు 2021 ఏప్రిల్ 8న ఓట్లు వేయవలెనని ఏప్రిల్ 1న ప్రకటన వెలువడెను. ప్రవర్తనానియమావళి ఓట్లదినమునకు నాలుగువారములు ముందుగా అమలు కావలెనని 2020లో సుప్రీంకోర్టు చెప్పిన మాటకు ఇది విరుద్ధమని వ్యాజ్యము నడచెను. ఏప్రిల్ 6న ఏకన్యాయమూర్తి నిలుపుదల, 7న ధర్మాసనపు అనుమతి, మే 21న ఎన్నికల రద్దు, సెప్టెంబరు 16న ఆ రద్దునకే రద్దు. తుదకు సెప్టెంబరు 19న లెక్క. మొత్తము 164 దినములు.

ఇందు దోషమేమని కొందరడుగవచ్చును. ముద్రవేసిన పెట్టెలో ఓటు భద్రముగనే యుండును. వ్యాజ్యము నిలిచినచో పునర్విచారము జరుగును, వీగినచో లెక్క జరుగును. ఎవరికిని నష్టము లేదు గదా యని వారి వాదము. ఈ వాదము 2014నాటి వ్యాజ్యమునకు చక్కగ అన్వయించును. అప్పుడు శంకింపబడిన కీడు ఫలితప్రకటనమునందే యున్నది; కావున ప్రకటనమును నిలుపుటయే తగిన చికిత్స. కాని ఏలూరున ఆరోపింపబడిన దోషము జాబితాయందున్నది. పరిషత్తుల విషయమున గడువునందున్నది. ఈ రెండును ఓటు పడుటకు పూర్వమే సంభవించునవి. పెట్టెకు ముద్రవేసినంతమాత్రమున జాబితాలో లేని పేరు చేరదు, గడచిపోయిన వారము తిరిగిరాదు. మూడు వేర్వేరు వ్యాధులకు ఒకే ఔషధ మీయబడినది. అది యొక్క వ్యాధికే సరిపడినది.

నష్టమెవరికి? 2019 మొదలు ఏలూరు పౌరులకు తామెన్నుకొన్న పాలకవర్గము లేదు. ఐదేండ్ల గడువు ముగియకముందే నూతనసభను ఎన్నుకొనవలెనని రాజ్యాంగము విధించుచుండగా, ఓటువేసిన పిదప సైతము వారు నాలుగున్నరనెలలు ప్రత్యేకాధికారి పాలనముననే యుండవలసివచ్చెను. వ్యాజ్యము వేసినవారును, ఎన్నికలసంఘమును, ప్రభుత్వమును కోర్టులో తమ మాట వినిపించుకొనిరి. దోషమేమియు చేయని ఓటరు మాత్రము మౌనముగ వేచియుండెను.

కావున 1952నాటి సూత్రము ఓటరు హక్కునకు అడ్డుగోడ గాదు, రక్షణకుడ్యము. అయితే ఆ కుడ్యము నిలువవలెనన్న, జాబితాలను, గడువులను గూర్చిన వివాదములు ప్రకటనమునకు ముందే తేలిపోవు ఏర్పాటు ఉండవలెను. తగినంత ముందుగా జాబితాను ప్రకటించుట, అభ్యంతరములను గడువులోపల తీర్చుట అధికారుల ధర్మము. ప్రకటనమునకు పూర్వమే ఫిర్యాదుచేయుట పౌరుల ధర్మము. ఆ ఫిర్యాదును శీఘ్రముగ తీర్చుట కోర్టుల ధర్మము. ఈ మూడును నెరవేరిననాడు, జంగారెడ్డిగూడెమున వలె ఏలూరునను ఓటు పడిన వారములోపలనే దాని విలువ తెలియును.