పాన్ లేని చెల్లింపుపై 20 శాతం కోత: బిల్లు పాసయ్యే ముందు చూడవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

ఆదాయపు పన్నును మూలంలోనే మినహాయించి (టి.డి.ఎస్.) సొమ్ము చెల్లించవలసిన ప్రతి సందర్భంలోను, సొమ్ము అందుకునేవారు తమ శాశ్వత ఖాతా సంఖ్యను, అంటే పాన్‌ను, చెల్లించేవారికి తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి. ఇవ్వని పక్షంలో ఆ చెల్లింపునకు వర్తించే మామూలు రేటు, అమలులో ఉన్న రేటు, 20 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే దాని ప్రకారం కోత విధించాలి. 2009 నాటి ఫైనాన్స్ (నం. 2) చట్టం ద్వారా ఆదాయపు పన్ను చట్టం, 1961లో 206ఏఏ సెక్షన్‌గా చేరిన ఈ నియమం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా పార్లమెంటు ఆమోదించిన ఆదాయపు పన్ను చట్టం, 2025లో సెక్షన్ల సంఖ్యలు మారాయి కాని నియమం మారలేదు. కార్యాలయాలకు పాత సంఖ్యలే అలవాటు కనుక ఈ వ్యాసంలో వాటినే వాడడమైనది.

నియమం చిన్నదే, దెబ్బ మాత్రం చిన్నది కాదు. ఉదాహరణకు, ఒక జానపద కళాకారుడు తన బృందంతో గ్రామాల్లో ప్రచార ప్రదర్శనలిచ్చి, తన పేరున 60,000 రూపాయల బిల్లు సమర్పించాడనుకుందాం. కాంట్రాక్టు చెల్లింపు కింద వ్యక్తికి వర్తించే రేటు 1 శాతం. అంటే కోత 600 రూపాయలు. పాన్ ఇవ్వకుంటే కోత 12,000 రూపాయలు. ఆ మొత్తం బృందంలో డప్పు వాయించిన నలుగురి కూలికి సరిపోవచ్చు. పైగా ఆ కళాకారుని వార్షికాదాయం పన్ను పరిధిలోకే రాకపోవచ్చు. రిటర్ను దాఖలు చేసి వాపసు కోరాలన్నా పాన్ కావలసిందే. పాన్ లేకుండా జమ అయిన కోత ఎవరి పన్ను ఖాతాలోను కనిపించదు.

ఈ సందర్భంలో పాత్రికేయ మిత్రులు గమనించవలసిన విషయం ఒకటున్నది. "పాన్ లేకుంటే 20 శాతం పన్ను" అని తరచు శీర్షికలు వస్తుంటాయి. ఇది పన్ను రేటు కాదు, ముందస్తు కోత రేటు మాత్రమే. తుది పన్ను ఎంతో రిటర్నులోనే తేలుతుంది.

అదే విధంగా, పాన్ లేని ప్రతి చిన్న బిల్లు నుంచి 20 శాతం కోయడం కూడ పొరపాటే. అసలు కోత వర్తించని చెల్లింపునకు హెచ్చు రేటు వర్తించదు. కాంట్రాక్టు చెల్లింపుల్లో ఒక్కో బిల్లు 30,000 రూపాయలు మించనప్పుడు, సంవత్సరం మొత్తంలో లక్ష రూపాయలు దాటనప్పుడు కోత లేదు. వృత్తిపరమైన ఫీజుల పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి సంవత్సరానికి 50,000 రూపాయలకు పెరిగింది. షామియానా వేసిన వ్యక్తికి ఏడాదిలో ఒకే ఒక 15,000 రూపాయల బిల్లు ఉంటే, పాన్ కార్డు లేదన్న కారణంతో 3,000 రూపాయలు పట్టుకునే అధికారం డ్రాయింగ్ అధికారికి లేదు.

తప్పు పాన్ ఇచ్చినా ఇవ్వనట్లే

206ఏఏ సెక్షన్‌లో ఎక్కువ మంది దృష్టికి రాని ఉపనిబంధన ఒకటున్నది. ఇచ్చిన పాన్ చెల్లనిదైనా, సొమ్ము అందుకున్నవారిది కాకపోయినా, పాన్ ఇవ్వనట్లే పరిగణిస్తారు. కావున బిల్లుపై పది అక్షరాలు కనిపించగానే సరిపోదు.

పాన్‌లో మొదటి ఐదు స్థానాలు అక్షరాలు, తరువాతి నాలుగు అంకెలు, చివరిది మళ్ళీ అక్షరం. ఇది తెలిస్తే సగం పొరపాట్లు బల్ల వద్దే దొరుకుతాయి. మొదటి ఐదు స్థానాల్లో సున్న ఉండదు, ఉన్నది 'ఓ' అక్షరమే. ఆరు నుంచి తొమ్మిది వరకు ఉన్న స్థానాల్లో 'ఐ' అక్షరం ఉండదు, ఉన్నది ఒకటి అంకె. జిరాక్సు ప్రతిని చూసి టైపు చేసేవారు తడబడేది ఇక్కడే.

నాలుగో అక్షరం ఖాతాదారు ఎవరో చెబుతుంది. వ్యక్తికి 'పి', కంపెనీకి 'సి', భాగస్వామ్య సంస్థకు 'ఎఫ్', హిందూ అవిభక్త కుటుంబానికి 'హెచ్', వ్యక్తుల సంఘానికి 'ఏ', ట్రస్టుకు 'టి', ప్రభుత్వానికి 'జి'. బిల్లు సంఘం పేరున ఉండి, పాన్‌లో నాలుగో అక్షరం 'పి' అయితే అక్కడే ఆగాలి. కొన్నేళ్ళ క్రితం ఒక జిల్లా కార్యాలయంలో ఈ రచయిత స్వయంగా చూసిన సందర్భమిది. బిల్లు కళాకారుల సంఘానిది, జతచేసిన పాన్ సంఘం అధ్యక్షునిది. మంచి మనసుతోనే ఇచ్చాడు, సంఘానికి పాన్ లేదు కనుక. కోత ఆయన వ్యక్తిగత ఖాతాలో జమ అయింది, సొమ్ము సంఘం బ్యాంకు ఖాతాకు వెళ్ళింది. మరుసటి ఏడు ఆడిట్ అభ్యంతరం వచ్చింది. సంఘానికి వర్తించే రేటు 2 శాతం కాగా వ్యక్తికని 1 శాతమే కోయడం ఒకటి, పాన్ బిల్లుదారునిది కాకపోవడం మరొకటి. ఆ రెండో అంశానికి కార్యాలయం వద్ద సమాధానం లేకపోయింది.

ఐదో అక్షరం వ్యక్తుల విషయంలో ఇంటిపేరు తొలి అక్షరం. తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాము. పాన్ దరఖాస్తులో దానిని పూర్తిగా, ఇంటిపేరు గడిలోనే రాయాలి. ఒకరు అసలు పేరునే ఇంటిపేరు గడిలో రాస్తారు, ఇంకొకరు రెండూ కలిపి రాస్తారు. ఆధార్‌లో ఒక వరుస, పాన్‌లో ఒక వరుస, బ్యాంకు పుస్తకంలో మూడో వరుస. ఇక వివాహానంతరం ఇంటిపేరు మారిన మహిళలకు పాన్ సంఖ్య మారదు. పేరు మాత్రమే సవరిస్తారు. కనుక ఐదో అక్షరం పుట్టింటి పేరుదిగానే మిగిలిపోతుంది. అది కలవలేదని బిల్లు తిప్పి పంపడం సరికాదు. కార్డు పోయిందని కొత్త పాన్ కోసం దరఖాస్తు చేయడం మాత్రం నిజమైన తప్పు. పాత సంఖ్యతోనే కార్డు మళ్ళీ ముద్రించి ఇస్తారు. ఒకరికి రెండు పాన్‌లు ఉంటే 272బి సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానాకు అవకాశం ఉన్నది.

ఆధార్‌తో జత కాని పాన్

సంఖ్య సరైనదే, పేరు సరైనదే, అయినా పాన్ పనిచేయని పరిస్థితి 2023 జూలై 1 నుంచి ఏర్పడింది. ఆధార్‌తో అనుసంధానం కాని పాన్‌లు ఆ తేదీ నుంచి క్రియారహితమయ్యాయి. అటువంటి ఖాతాదారునికి వాపసు రాదు, చెల్లింపులపై కోత హెచ్చు రేటున ఉంటుంది. ప్రవాస భారతీయులకు, భారత పౌరులు కానివారికి, 80 ఏళ్ళు నిండినవారికి, అస్సాం, మేఘాలయ, జమ్మూ కాశ్మీర్ నివాసులకు అనుసంధానం నుంచి మినహాయింపు ఇచ్చారు.

దీని వేడి ఎక్కువగా తగిలినది ఇళ్ళు, స్థలాలు కొన్నవారికి. 50 లక్షల రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి కొనుగోలులో కొనుగోలుదారు 1 శాతం మినహాయించి జమ చేయాలి. 60 లక్షల ఇంటికి అది 60,000 రూపాయలు. అమ్మినవారి పాన్ క్రియారహితమైతే 12 లక్షలు మినహాయించవలసి ఉండింది. ఆ సంగతి తెలియక 60,000 మాత్రమే జమ చేసిన వారికి మిగిలిన 11,40,000 రూపాయల కోసం తాఖీదులు అందాయి. డబ్బు అప్పటికే అమ్మినవారి చేతిలో ఉన్నది, బాకీ కొన్నవారి పేరున పడింది. ఫిర్యాదుల దరిమిలా కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 ఏప్రిల్ 23న 6వ నంబరు సర్క్యులర్‌ను, 2025 జూలై 21న 9వ నంబరు సర్క్యులర్‌ను జారీ చేసి ఊరట కల్పించింది. రెండో దాని ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 జూలై 31 వరకు జరిగిన చెల్లింపులకు, పాన్ 2025 సెప్టెంబరు 30లోగా క్రియాశీలమైతే హెచ్చు రేటు బాధ్యత ఉండదు. 2025 ఆగస్టు 1, ఆ తరువాతి చెల్లింపులకు, చెల్లించిన నెల ముగిసిన నాటి నుంచి రెండు నెలల గడువు ఇచ్చారు. ఊరట కూడ అమ్మినవారు కదిలితేనే దక్కుతుంది. కొన్నవారు చేయగలిగింది ముందుగా అడగడమే.

పాన్ సరైనదా, ఆధార్‌తో జత అయిందా అనే రెండు విషయాలను ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఉచితంగా పరిశీలించవచ్చు. రిజిస్ట్రేషన్‌కు ముందు, మొదటి బిల్లుకు ముందు ఈ రెండు నిమిషాలు వెచ్చించడం మేలు. ఆధార్ ఉన్నవారికి తక్షణ ఈ-పాన్ సదుపాయం 2020లో ప్రారంభమైంది. దీనికి రుసుము లేదు.

విశ్రాంత ఉద్యోగులకు మరొక హెచ్చరిక. 1961 చట్టం కింద 15జి, 15హెచ్ పేర్లతో ప్రసిద్ధమైన స్వయం ప్రకటనలు పాన్ లేకుండా ఇస్తే చెల్లవు. బ్యాంకు డిపాజిట్‌పై సంవత్సరానికి 1,40,000 రూపాయల వడ్డీ వచ్చే పెద్దమనిషికి పన్ను బాధ్యత లేకుండా, పాన్‌తో ప్రకటన ఇస్తే కోత శూన్యం. ప్రకటన లేకుండా పాన్ మాత్రమే ఉంటే 14,000. పాన్ కూడ లేకుంటే 28,000.

జీతాల విషయంలో లెక్క కొంత భిన్నం. ఉద్యోగి ఆదాయం పన్ను పరిధికి లోబడనిదైతే పాన్ లేకున్నా కోత లేదు. పరిధి దాటితే సగటు రేటు, 20 శాతం, వీటిలో ఎక్కువైనది వర్తిస్తుంది. భూసేకరణ అధికారులు కూడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. వ్యవసాయ భూమికి చెల్లించే పరిహారంపైన, 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ కింద పన్ను మినహాయింపు పొందిన పరిహారంపైన మూలంలో కోత లేదు. కోతే లేని చోట పాన్ లేదని రైతు సొమ్ములో ఐదో వంతు ఆపడానికి ఆధారం లేదు.

చెల్లించే అధికారి బాధ్యత

10 శాతం కోసి, పాన్ తప్పని తరువాత తేలితే, తక్కువ పడిన 10 శాతానికి బాధ్యుడు చెల్లించిన అధికారే. 201వ సెక్షన్ కింద ఆయనను బకాయిదారుగా పరిగణిస్తారు. కోయవలసి కోయని మొత్తంపై నెలకు 1 శాతం చొప్పున వడ్డీ కూడ ఉంటుంది. సొమ్ము అందుకున్నవారు తమ రిటర్నులో ఆ ఆదాయాన్ని చూపి పన్ను కట్టి ఉంటే, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో అసలు బాకీ నుంచి బయటపడే మార్గం ఉన్నది. వడ్డీ మాత్రం ఆ రిటర్ను దాఖలైన తేదీ వరకు పడుతుంది. బదిలీపై వెళ్ళిన అధికారి హయాంలోని పొరపాటుకు కొత్తగా వచ్చిన వారు సమాధానం చెప్పుకునే సందర్భాలు కార్యాలయాల్లో కొత్తవి కావు.

మన దేశంలోనే ఇటువంటి ఏర్పాటు ఉన్నదనుకోనక్కరలేదు. అమెరికాలో దీనికి సమానమైనది 'బ్యాకప్ విత్‌హోల్డింగ్'. అక్కడ పన్ను గుర్తింపు సంఖ్యను డబ్ల్యు-9 పత్రంలో ఇవ్వనివారి చెల్లింపుల నుంచి, 2018 నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం, 24 శాతం పట్టుకుంటారు. ఉన్నత విద్యకు వెళ్ళి పన్ను రీత్యా నాన్ రెసిడెంటుగా ఉన్న మన విద్యార్థులు బ్యాంకుకు ఇవ్వవలసినది డబ్ల్యు-9 కాదు, డబ్ల్యు-8బెన్ పత్రం. తోటి విద్యార్థిని చూసి ఏదో ఒకటి నింపి ఇచ్చే ముందు విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగడం మంచిది.

పాన్ తప్పుగా నమోదైనట్లు ఇక్కడ తెలిసినప్పుడు చేయవలసిన పని సవరణ. కోత వివరాల త్రైమాసిక నివేదికను సమర్పించిన కార్యాలయమే సవరణ నివేదిక దాఖలు చేయాలి. సొమ్ము అందుకున్నవారు నేరుగా మార్చుకోలేరు. కావున వారు కార్డు ప్రతిని, బిల్లు సంఖ్యను, చెల్లింపు తేదీని జతచేసి సంబంధిత డ్రాయింగ్ అధికారికి లిఖితపూర్వకంగా కోరాలి. సవరణలకు చట్టంలో కాలపరిమితి ఉన్నందున రిటర్ను గడువు వరకు వేచి ఉండక, తమ పన్ను ఖాతా వివరాలను ప్రతి త్రైమాసికం తరువాత ఒకసారి చూసుకోవడం అవసరం.