అమెరికా సాంకేతిక రంగంలో నల్లజాతి ఆదర్శమూర్తులు

అమెరికాలో కంప్యూటర్, అంతరిక్ష రంగాల్లో నల్లజాతి ఇంజనీర్లు, గణిత శాస్త్రవేత్తలు తొలినాళ్ల నుంచీ ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు మాత్రం దశాబ్దాల పాటు సొంత ఊరు దాటి బయటికి రాలేదు. ఒకరి విజయం పదిమందికి ధైర్యం ఇవ్వాలంటే ముందు ఆ ఒకరు పదిమంది కంటా పడాలి. అందుకే ఈ చరిత్రలో పని చేసినవాళ్లతో పాటు, వాళ్లను వెలుగులోకి తెచ్చిన ఉపాధ్యాయులకు, నటులకు, రచయితలకు కూడా చోటుంది.

జెర్రీ లాసన్ (1940–2011) న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగారు. ఒకటో తరగతిలో ఆయన కూర్చునే చోటు పక్కన, నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ బొమ్మ ఉండేది. నువ్వూ ఇలా కావచ్చని టీచర్ అన్న మాట తన మీద ఎంతో ప్రభావం చూపిందని లాసన్ పెద్దయ్యాక చెప్పారు. ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో ఆయన నాయకత్వాన తయారైన 'ఛానెల్ ఎఫ్' 1976లో మార్కెట్లోకి వచ్చింది. ఆట ప్రోగ్రామును చిప్పులో పెట్టి, విడిగా అమ్మే కార్ట్రిడ్జ్‌లతో నడిచిన తొలి ఇంటి వీడియోగేమ్ యంత్రం అదే. మన పిల్లలు తర్వాత్తర్వాత 'క్యాసెట్' అని పిలుచుకున్నది ఆ కార్ట్రిడ్జ్‌నే. పిల్లలు ఎన్నిసార్లు దోపి, లాగినా లోపలి చిప్పు చెడిపోకుండా చూడటం ఆ బృందానికి పెద్ద సవాలైంది. ఆటల తయారీదారుల అంతర్జాతీయ సంఘం లాసన్‌ను సత్కరించింది 2011 మార్చిలో. మరుసటి నెలలోనే ఆయన కన్నుమూశారు. గుర్తింపులో ఈ జాప్యం వల్ల ఎక్కువ నష్టపోయింది, ఆ ఆటలే ఆడుతూ ఆయన పేరు వినకుండా పెరిగిన నల్లజాతి పిల్లలు.

వర్జీనియా రాష్ట్రం హాంప్టన్‌లోని లాంగ్లీ వైమానిక పరిశోధనశాల కథ మరీ లోతైనది. రక్షణ పరిశ్రమల ఉద్యోగాల్లో జాతి వివక్ష కూడదని కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ ఒత్తిడి తేగా, 1941లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చారు. దాని ఫలితంగా 1943 నుంచి నల్లజాతి మహిళలు అక్కడ గణన ఉద్యోగాల్లో చేరారు. విమానాల పరీక్షల్లో వచ్చే అంకెలను చేత్తో, మీటల యంత్రాలతో లెక్కగట్టడం వాళ్ల పని. కూర్చోవడానికి వేరే గది, భోజనానికి వేరే బల్ల. ఆ బల్ల మీద వాళ్ల జాతిని సూచించే అట్టముక్క ఒకటి ఉండేది. మిరియం మాన్ అనే ఉద్యోగిని దాన్ని తీసి చేతిసంచిలో వేసుకునేది. మళ్లీ కొత్తది పెట్టేవారు, ఆమె మళ్లీ తీసేది. చివరికి పెట్టడం మానేశారు.

డొరొతీ వాన్ 1949లో ఆ నల్లజాతి మహిళల గణన విభాగానికి అధిపతి అయ్యారు. లాంగ్లీ అంతరిక్ష సంస్థ నాసాలో భాగమైన 1958లోనే మేరీ జాక్సన్ ఆ సంస్థ తొలి నల్లజాతి మహిళా ఇంజనీరయ్యారు. అందుకు కావలసిన పాఠాలు తెల్లవాళ్ల బడిలో చెప్పేవారు కనుక, అక్కడ కూర్చోవడానికి ఆమె నగరపాలక సంస్థ అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. 1962లో భూమి చుట్టూ తిరగబోయే ముందు వ్యోమగామి జాన్ గ్లెన్, కంప్యూటర్ ఇచ్చిన అంకెలను లాంగ్లీకే చెందిన కేథరీన్ జాన్సన్ చేత సరిచూపించమన్నారు.

దేశానికి తెలియకపోయినా హాంప్టన్ నల్లజాతి కుటుంబాలకు వీళ్లు బాగా తెలుసు. అదే ఊళ్లో, లాంగ్లీ శాస్త్రవేత్త కూతురిగా పెరిగిన మార్గొట్ లీ షెటర్లీకి సైన్స్ అంటే తనవాళ్లు చేసే మామూలు ఉద్యోగమే. 2016లో ఆమె 'హిడెన్ ఫిగర్స్' పుస్తకం వచ్చాక, అదే పేరుతో సినిమా వచ్చాక, ఒక ఊరి పిల్లలకు దక్కిన ఆ నమ్మకం దేశమంతటికీ అందింది. 2020లో నాసా తన ప్రధాన కార్యాలయానికి మేరీ జాక్సన్ పేరు పెట్టింది.

కల్పిత పాత్ర కూడా ఇంత పని చేయగలదు. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' టీవీ ధారావాహికలో నిషెల్ నికల్స్ అంతరిక్ష నౌక అధికారి ఉహురాగా నటించారు. మొదటి ఏడాది తర్వాత మానేద్దామనుకుంటే, వద్దని ఒప్పించింది మార్టిన్ లూథర్ కింగ్. 1977లో వ్యోమగాముల ఎంపిక కోసం నాసా ఆమె చేతనే ప్రచారం చేయించింది. మరుసటి ఏడాది ఎంపికైన 35 మందిలో ముగ్గురు నల్లజాతివారు. వారిలో గయన్ బ్లూఫోర్డ్ 1983లో అంతరిక్షానికి వెళ్లారు. షికాగోలో చిన్నప్పుడు ఉహురాను చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో ఎండీవర్ నౌకలో వెళ్లి, అంతరిక్షం చేరిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు.

జీపీఎస్‌కు ఆధారమైన భూమి ఆకారపు లెక్కలు కట్టిన గ్లాడిస్ వెస్ట్ 1956 నుంచి డాల్‌గ్రెన్ నౌకాదళ కేంద్రంలో పనిచేశారు. మహిళా సంఘం సమావేశం కోసం ఆమె రాసిచ్చిన చిన్న పరిచయం చదివిన ఒక సభ్యురాలి చొరవతోనే ఆ సంగతి బయటపడింది. 2018లో వైమానిక దళం ఆమెను గౌరవించింది.

కూతురు వెళ్లిన కంప్యూటర్ శిబిరంలో తమలాంటివాళ్లు కొద్దిమందే ఉండటం చూసి, కింబర్లీ బ్రయంట్ 2011లో 'బ్లాక్ గర్ల్స్ కోడ్' ప్రారంభించారు. ఇలాంటి సంస్థల్లో బాలికలకు పాఠం చెప్పేది, తప్పులు దిద్దేది కూడా తమలాంటి మహిళలే కావడం ముఖ్యం. గోడ మీద బొమ్మ ఆశ పుట్టిస్తుంది, పక్కన కూర్చున్న మనిషి దారి చూపిస్తుంది.

క్లారెన్స్ ఎల్లిస్ (1943–2014) జీవితంలో ఆ పక్కన కూర్చునే మనిషే లేడు. షికాగోలో పదిహేనేళ్ల వయసులో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ, ఆ కంపెనీ కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకాలు తనంతట తానే చదివి నేర్చుకున్నారు. 1969లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం నుంచి కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతి అమెరికన్ ఆయనే. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేశారు; ఆ తర్వాత, ఒకే పత్రం మీద అనేకమంది కలిసి పనిచేసే పద్ధతులకు పునాది వేశారు. జీవిత చరమాంకంలో ఘనా వెళ్లి, మైక్రోసాఫ్ట్ మాజీ ఇంజనీర్ ప్యాట్రిక్ అవువా 2002లో స్థాపించిన అషేసి విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు పాఠాలు చెప్పారు.