ముఖాబలా చేయని నకలు



మదీనాలో ఉర్వా బిన్ జుబైర్ (రహ్మతుల్లాహి అలైహి) అనే పెద్ద ఆలిమ్ ఉండేవారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) గారి కూతురు అస్మా (రజి) కొడుకు ఆయన. మదీనా ఏడుగురు ఫుఖహాల్లో ఒకరు. ఒకసారి కొడుకు హిషామ్‌ను, చెప్పింది రాసుకున్నావా అని అడిగారట. రాశానన్నాడు కొడుకు. ముఖాబలా చేశావా అన్నారు. లేదన్నాడు. అయితే నువ్వు రాయనట్టే లెక్క అని తండ్రి తేల్చేశారని రివాయత్.

ముఖాబలా అనే మాటను మనం ఇప్పుడు పోటీ అనే అర్థంలోనే వాడుతున్నాం. హదీసు ఆలిముల దగ్గర దాని మానీ వేరు. అసలునూ నకలునూ ఎదురెదురుగా పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూడటం.

ఉర్వా గారి సవాలు పదమూడు వందల ఏళ్ల తర్వాత నా ఇంటి తలుపు తట్టింది. మూడేళ్ల కిందట రంజాన్‌లో, సహరీ వేళ, మా కంప్యూటర్ హార్డ్ డిస్క్ టిక్ టిక్‌మని ఆగిపోయింది. అందులో అబ్బాజాన్ రాసుకున్న ఉర్దూ మజ్మూన్లు, చెల్లెలి నికాహ్ ఫొటోలు, అబ్బాజాన్ పోయే ముందు ఏడాది నేను రికార్డు చేసిన ఆయన గొంతు ఉన్నాయి. నేను కంగారు పడలేదు. ప్రతి నెలా మొదటి జుమా నాడు ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తాన్నీ ఇమేజ్ తీసి, బయటి డిస్క్‌లో దాచేవాణ్ని. పద్నాలుగు నెలలు దాచాను. ఒక్కసారీ తెరిచి చూడలేదు. అవసరపడి తెరిచిన రోజున, ఇమేజ్ పాడైంది, చదవలేను అంది ఆ సాఫ్ట్‌వేర్. ఫొటోలు చెల్లెలి దగ్గర దొరికాయి. గొంతు దొరకలేదు.

ఆ నుక్సాన్ తర్వాతే ఈ నకళ్ల తారీఖ్ తవ్వడం మొదలుపెట్టాను.

ఉర్వా గారికి కూడా ఇలాంటి పశ్చాత్తాపం ఉంది. హిజ్రీ 63లో, అంటే క్రీ.శ. 683లో, మదీనా మీద దాడి జరిగిన హర్రా రోజున ఆయన తన కితాబులను తానే కాల్చేశారని, తర్వాత జీవితాంతం వాటి కోసం బాధపడ్డారని రివాయతులు చెబుతాయి. కాలిపోయిన ఒక్క ప్రతికి మరో ప్రతి లేదు.

అంతకు యాభై ఏళ్ల ముందు యమామా యుద్ధంలో ఎందరో హాఫిజులు షహీదయ్యారు. ఖుర్ఆన్‌ను ఒకచోట రాయించాలని హజ్రత్ ఉమర్ (రజి) సలహా ఇస్తే, ఖలీఫా అబూబక్ర్ (రజి) ఆ పని జైద్ బిన్ సాబిత్ (రజి)కి అప్పగించారు. ఖుర్ఆన్ హిఫాజత్ అల్లాహ్ తీసుకున్న జిమ్మేదారీ. దాన్ని డిస్క్‌తో పోల్చే గుస్తాఖీ నేను చేయను. కానీ సహాబాల తరీఖా చూడండి. జైద్ (రజి) తానే హాఫిజ్. అయినా తన జ్ఞాపకం ఒక్కదాని మీదే ఆధారపడలేదు. రాతలో ఉన్నదాన్నీ గుండెల్లో ఉన్నదాన్నీ సరిచూసుకుంటూ పోయారు. ఆ ప్రతి చివరికి ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా (రజి) దగ్గర అమానత్‌గా ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో దాని నుంచే నకళ్లు రాయించి వేర్వేరు నగరాలకు పంపారు. సరిచూసిన అసలు, ఒకటికి మించిన నకళ్లు, వేర్వేరు చోట్లు.

తర్వాతి శతాబ్దాల్లో హదీసు రాసేవాళ్లు దీన్ని ఒక ఇల్మ్‌గా మార్చారు. ఒక హదీసుకూ మరో హదీసుకూ మధ్య చిన్న సున్నా చుట్టేవారు. ముఖాబలా పూర్తయ్యాక ఆ సున్నాలో చుక్క పెట్టేవారు. చుక్క లేని సున్నా కనిపిస్తే, ఇది ఇంకా సరిచూడలేదు, భరోసా పెట్టుకోకు అని అర్థం.

కంప్యూటర్ల లోకం ఈ చుక్క దాకా రావడానికి చాలా కాలం పట్టింది. డిస్క్‌ను ఉన్నదున్నట్టు నకలు తీసే డిడి అనే కమాండ్ యూనిక్స్‌లో 1970లలోనే ఉంది. కానీ అది ఇళ్లలోకి వచ్చే సరుకు కాదు. 1995 ప్రాంతంలో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో మరే హాజర్డ్ అనే ఇంజనీర్ ఘోస్ట్ తయారుచేశారు. 1998లో సిమాంటెక్ కంపెనీ దాన్ని కొనేసింది. అప్పటి నుంచి నార్టన్ ఘోస్ట్ పేరుతో ఊరూరికీ పాకింది. ఎక్స్‌పీ రోజుల్లో మన ఇంటర్నెట్ సెంటర్ల కుర్రాళ్లు "ఘోస్ట్ కొట్టి ఇస్తా భాయ్" అంటూ పావుగంటలో సిస్టమ్‌ను నిలబెట్టేవారు. మామూలు కాపీ ఫైళ్లను మాత్రమే తీసుకుంటుంది. ఇమేజ్ అయితే విండోస్, ప్రోగ్రాములు, ఫాంట్లు, సెట్టింగులతో సహా డిస్క్ మొత్తానికీ నకలు.

ఇది మన ఇళ్లకు ఎందుకు ముఖ్యమంటే ఇన్‌పేజ్ వల్ల. మిర్జా అహ్మద్ జమీల్ చేత్తో రాసిన వేలాది అక్షర జోడింపుల నుంచి 1981లో నూరీ నస్తాలీఖ్ పుట్టింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ ఖత్‌ను మామూలు కంప్యూటర్లోకి తెచ్చింది. కానీ పాత ఇన్‌పేజ్ ఫైల్‌ను మామూలు వర్డ్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. తెలుగులో అను ఫాంట్లతో కొట్టిన పాత వ్యాసాలదీ అదే గతి. ఫైల్ ఒక్కటే దాచితే తాళం దాచి తాళంచెవి పారేసినట్టే. అందుకే ఇలాంటివి ఉన్న ఇంట్లో ఇమేజ్ జరూరీ.

అయితే ఇమేజ్ ఉందన్న తసల్లీ చాలదు. 1998లో పిక్సార్ వాళ్లు టాయ్ స్టోరీ 2 తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక్క కమాండ్‌తో సినిమా ఫైళ్లలో ఎక్కువ భాగం చెరిగిపోయాయి. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది కొన్నాళ్లుగా సరిగా పనిచేయడం లేదు. గాలిన్ సస్‌మన్ అనే సాంకేతిక డైరెక్టర్ పసిబిడ్డతో ఇంటి నుంచి పని చేస్తుండటంతో, ఆమె ఇంటి కంప్యూటర్లో ఒక నకలు మిగిలింది. తర్వాత వేలాది ఫైళ్లను మనుషులు కూర్చుని సరిచూశారు. కోట్ల డాలర్ల కంపెనీని కాపాడింది ఇంకో ఇంట్లో ఉన్న నకలు, ఆపైన ముఖాబలా.

మరి ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి? పేరు చూసి మోసపోకండి. నార్టన్ ఘోస్ట్ 2013లో ఆగిపోయింది. విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే వదిలించుకునే జాబితాలో చేర్చింది. మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత ప్రతి 2023తో ముగిసింది. నేను ఇప్పుడు నాలుగు సవాళ్లు అడుగుతాను. తీసిన ఇమేజ్‌ను తిరిగి చదివి సరిచూస్తుందా? విండోస్ చచ్చిపోయినా పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుందా? ఇమేజ్‌లోంచి ఒక్క ఫొటో మాత్రమే బయటికి తీయనిస్తుందా? కంపెనీ మూతపడినా ఇమేజ్ తెరుచుకుంటుందా?

తైవాన్ వాళ్ల క్లోన్‌జిల్లా ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఇమేజ్ పనికొస్తుందో లేదో పరీక్షిస్తుంది. కానీ తెర మీద అక్షరాల మెనూలే. తిరిగి ఎక్కించే డిస్క్ పాతదానికన్నా చిన్నదైతే మొరాయిస్తుంది. ఒక్క ఫైల్‌ను నేరుగా తీయనివ్వదు. వీమ్ ఏజెంట్ ఉచిత ప్రతి ఒక్క ఫైల్‌నైనా ఇస్తుంది, రోజూ మారినంత మేరకే నకలు తీస్తుంది. కానీ ఆ రోజువారీ ముక్కలు గొలుసులాంటివి. మధ్యలో ఒక లింకు తెగితే తర్వాతివి పనికిరావు. అందుకే అప్పుడప్పుడు కొత్తగా పూర్తి ఇమేజ్ తీయాలి. అన్నిటికీ జవాబిచ్చే సాఫ్ట్‌వేర్ నాకు దొరకలేదు. కాబట్టి ఇమేజ్‌తో పాటు ఫొటోలు, ఆడియోలు మామూలు కాపీగా కూడా ఉంచుతున్నాను. వాటిని తెరవడానికి ఏ కంపెనీ దయా అక్కర్లేదు.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన లెక్క సులువుగా గుర్తుంటుంది: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి ఇంటి బయట. బయటి డిస్క్‌ను పని కాగానే ఊడదీయండి. 2017లో వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకే తాళాలు పడ్డాయి. ఇలాంటి వైరస్ తగిలించి ఉన్న డిస్క్‌నూ వదలదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక ప్రతి చెల్లెలి ఇంట్లో అమానత్. మూడు నెలలకోసారి పాత డిస్క్ ఒకదాని మీద ఇమేజ్‌ను నిజంగా ఎక్కించి, అబ్బాజాన్ మజ్మూన్ ఒకటి తెరిచి రెండు పేరాలు చదువుతాను. ఆ తర్వాతే డైరీలో ఆ తేదీ పక్కన ఉన్న సున్నాలో చుక్క పెడతాను. అబ్బాజాన్ గొంతున్న ఆ పద్నాలుగు నెలలకు డైరీలో సున్నాలే ఉన్నాయి. వాటిని అలాగే వదిలేశాను.

మీ ఇంట్లో పెద్దల గొంతు, నానీమా ఫొటో, నికాహ్‌నామా ఏ డిస్క్‌లో ఉన్నాయో ఈ జుమా లోపు తెరిచి చూడండి. పెద్దలు బతికే ఉంటే ముందు వాళ్లతో కాసేపు మాట్లాడి, తర్వాత చూడండి.

అల్లాహ్ హాఫిజ్.